అక్క కాళ్లు అదిమి పట్టిన రోజు

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలోనే, డైరీ రాయడం మొదలుపెట్టాను. ఆ మొదటి నోటుబుక్కులో ఒకచోట ఇలా ఉంది: ‘అక్కకు దయ్యం పట్టింది. నేను కాళ్లు పట్టుకున్నాను.’ అది కనబడినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది చొప్పదండిలో నేతపని ఇల్లు. అక్కకు అప్పుడు పద్నాలుగేళ్లు. చిన్నప్పటినుంచీ మూర్ఛ వచ్చేది. ఆ ఏడాది మాత్రం, ఎవరో తనను తిడుతున్నారని చెవులు మూసుకునేది. కన్నతల్లి, మా అవ్వ పెట్టిన అన్నంలో విషం ఉందని పళ్లెం నెట్టేసేది. బాపు మంత్రగాణ్ని పిలిపించాడు. వాడు వేపబరిగెతో కొడుతుంటే అక్క లేవకుండా కాళ్లు అదిమి పట్టే పని నాది.

"ఇడువురా తమ్మీ, నీ కాల్మొక్త" అని ఏడ్చింది అక్క.

"మాట్లాడేది పిల్ల కాదు, లోపలున్నది" అన్నాడు మంత్రగాడు. నేను నమ్మాను. ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మగ్గం మీదున్న మా పెద్దబాపు లేచి వచ్చి ఆ బరిగె గుంజుకున్నాడు. వాణ్ని కొడతాడనుకున్నాను. ఆయన వెనక్కి వెళ్లి, మగ్గం మీద సగం నేసిన తన చీరనే బాదసాగాడు. ఆ చీరకు మొదట్లోనే పడుగులో ఒక పోగు తప్పింది. సన్నని గీత పొడవునా వస్తోంది. దెబ్బలకు పక్క పోగులూ తెగిపోయాయి.

"అన్నా, చీర ఖరాబైతది!" అని బాపు ఉరికాడు.

"పోగు తప్పిందిరా. కొడితే అతుకుతదేమోనని చూస్తున్న. చీరకైతే ఫికరైతుంది నీకు, బిడ్డకు గాదా?"

నా చేతులు వాటంతటవే సడలాయి. మర్నాడే పెద్దబాపు అక్కను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. మంత్రగాడు మళ్లీ మా గడప తొక్కలేదు.

పోయినేడు అక్క జారిపడితే తలకు స్కాన్ తీయించాను. తల్లి కడుపులో ఉన్నప్పుడే మెదడులో ఒక భాగం సరిగా ఏర్పడలేదట. ఆ మూర్ఛ, ఆ గొంతులు, ఆ అనుమానాలు అన్నీ దానివల్లే అయి ఉండొచ్చని డాక్టరు చెప్పింది.

ఆ కాలంలో ఎవరికి తెలుసు అంటారు మావాళ్లు. నేను ఒప్పుకోను. పిల్లను కొట్టగూడదని తెలియడానికి స్కాన్ ఎందుకు? పెద్దబాపు ఏ స్కాన్ చూశాడు?

డాక్టరు ఆ మాట చెప్పిన రోజు ఇంటికొచ్చి పాత నోటుబుక్కు తీశాను. మొదటి వాక్యం కింద ఆ స్కాన్ రోజు తారీఖు వేసి, ‘దయ్యం లేదు’ అని రాశాను. రెండో వాక్యాన్ని అలాగే ఉంచాను. అది నిజం.