వఫ్రా గ్రీన్‌హౌస్ గుమ్మంలో చెప్పులు

రామాంజనేయులు గ్రీన్‌హౌస్‌లోకి చెప్పులతో అడుగు పెట్టగా చూసినవారు లేరు. కువైట్ దక్షిణపు కొసన, వఫ్రా ఇసుకలో, ప్లాస్టిక్ కప్పు కింద కీరదోస తీగలు పెంచే కూలి అతడు. పుట్టింది మాత్రం కడప జిల్లాలో, తమలపాకు తోటలే ఆధారంగా బతికే ఇంట. ఆకుతోటలోకి చెప్పులు విడిచి వెళ్ళడం అక్కడ పసిపిల్లలు సైతం తప్పని మర్యాద. ఆ తోటల చల్లని నీడను, తడిమట్టి వాసనను ఎరిగినవారు ఈనాడు ఎందరున్నారో! ఆ సంగతి అలా ఉంచుదాం. తీగ, పందిరి, తడి కలిసిన చోటల్లా అతని కాళ్ళు తమంతట తామే చెప్పులు విడిచేవి.

“కీరకాయలకు గూడా మొక్కుతాండావా అన్నా?” అని వేళాకోళం చేసేవాడు తోటి పనివాడు తిమ్మయ్య.

“యాడున్నా తీగ తీగేరా. నీ బూట్ల కింద నలిగితే నిన్నే తిట్టుకుంటాది.”

ఆ ఉదయం వారిద్దరూ తీగలు కడుతుండగా మేనేజరు సూర్యకిరణ్ వెనుక తలుపు తెరిచి అందరినీ బయటికి పిలిచాడు. కోనసీమవాడు, మాట తీయన. అమెరికాలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున చిప్పెవా అనే ఆదివాసుల రిజర్వేషన్ ఉన్నదట, చిన్న ఊరు. చలికాలమంతా మంచే కనుక కూరగాయలు దూరం నుంచి రావాలి. గ్రీన్‌హౌస్‌లు వేసుకుంటే తమ పిల్లలకు ఊళ్ళోనే పని దొరుకుతుందన్న ఆశతో, ఎడారిలో ఈ సేద్యం ఎలా సాగుతున్నదో చూడడానికి వారి మనుషులు వస్తున్నారు. వారికి యంత్రాలు అంటగట్టాలని సూర్యకిరణ్ ఎత్తు.

“మనదంతా ఆటోమేటిక్ అని చెప్పానర్రా. ఆళ్ళు ఎల్లేదాకా పెట్టెల షెడ్డులో కూకోండి. కనబడ్డోడి సెలవు ఖలాస్!”

రామాంజనేయులి సెలవు వచ్చే వారమే. ఊళ్ళో భార్య వెంకటేశ్వరి కొత్త ఆకుతోట వేస్తున్నది. తొలి తీగ తానే నాటుతానని ఆమెకు మాట ఇచ్చాడు.

తీగలు కట్టబడును, కాయలు కోయబడును అంటూ కర్తను మింగే వాక్యాలు తెలుగుకు నప్పవని పూర్వం బడిలో చెప్పేవారు. వాక్యంలో కర్తను దాచినవాడికి మార్కులు పోయేవి. మండే రేకుల షెడ్డులో మనుషులను దాచినవాడికి ఏం పోతుంది?

అతిథులు వచ్చాక షెడ్డు తలుపు సందులోంచి చూస్తున్న రామాంజనేయులికి తన చెప్పులు గుర్తొచ్చాయి. వెనుక తలుపు నుంచి వచ్చేయడంతో అతని చెప్పులు ముందు గుమ్మంలోనే ఉండిపోయాయి! అతిథులలో పెద్దావిడ, మార్లీన్ అనే ఆమె, వాటి ముందే ఆగి, ఎవరివని అడిగింది.

సూర్యకిరణ్ నవ్వి, “గార్బేజ్” అంటూ వాటిని బూటుకాలితో పక్కకు తన్నాడు. ఆ ఒక్క ఇంగ్లీషు మాట కువైట్‌లో ఏ కూలికైనా తెలుసు.

“వద్దన్నా, సెలవు పోతాది. చెప్పులే గదా!” అని తిమ్మయ్య చొక్కా పట్టుకున్నాడు.

“చెప్పుల్ని గాదురా తన్నింది, నన్ను.”

విదిలించుకొని, కాలే ఇసుక మీద ఉత్తకాళ్ళతో నడిచి వచ్చాడు. “మై చెప్పల్, మేడమ్,” అన్నాడు. లోపలి తీగలు చూపించి, “మై వర్క్,” అన్నాడు.

చెప్పులు బయటెందుకు విడిచాడో ఆమె సూర్యకిరణ్ చేతనే అడిగించింది. జవాబును కూడా సూర్యకిరణ్ నోటనే ఇంగ్లీషులో చెప్పించుకున్నది.

“మా సరస్సులో వరి తనంతట తానే పండుతుంది,” అన్నది ఆమె. “పడవల్లో వెళ్ళి గింజలు దులుపుకుంటాం. చూడవచ్చినవారు ఆ నీళ్ళను ఫోటో తీసి, మనుషులు లేని చోటని రాసుకున్నారు. మేము ఒడ్డునే నిలబడి ఉన్నాం!” ఆపైన సూర్యకిరణ్ వైపు తిరిగింది. “మా పిల్లలకు పని కావాలని వచ్చాం. మనుషులు కనబడని గ్రీన్‌హౌస్ మాకెందుకు?”

బేరం చెడింది. సాయంత్రానికి రామాంజనేయులి సెలవు రద్దయింది. చెమట అతనిది, పంట అతనిది, శిక్ష కూడా అతనికే! వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కు చెప్పుకుందామంటే ఆయన ఫోను ఎత్తలేదు.

“తొలి తీగ నువ్వే నాటు,” అన్నాడు వెంకటేశ్వరికి ఫోన్ చేసి. “చెప్పులు ఇడిసి పో.”

“అది గూడా నాకు చెప్పాల్నా?” అన్నది ఆమె.

మరునాడు సూర్యకిరణ్ వచ్చేసరికి ఆ చెప్పులు గుమ్మం పక్కన కాక, సరిగ్గా దారికి అడ్డంగా ఉన్నాయి. వాటి పక్కనే తిమ్మయ్య బూట్లు. లోపల తీగలు కడుతూనే ఇద్దరూ అతనివైపు చూశారు. ఈసారి అతడు కాలెత్తలేదు. వెనుక తలుపుకు చుట్టూ తిరిగి వెళ్ళాడు.