బల్బు సాక్షిగా నా పెండ్లి

హేతువాదికి పెండ్లి ఎంత ప్రమాదమో తెలియాలంటే నా పెండ్లికి వచ్చినవాళ్ళను అడగండి. ఇప్పటికీ కడుపు పట్టుకుని నవ్వుతారు. దేవుళ్ళ పుట్టుక విప్పబోయి, ఆ రోజు జరిగిన ఘోరానికి నేనే పురోహితుణ్ణయ్యాను.

పెండ్లికూతురు సుగుణ వాళ్ళది నగరి, మరమగ్గాల కుటుంబం. మంత్రాలు వద్దంటే కాబోయే మామ మునెప్ప ఒప్పుకున్నాడు. ఒక్కచోట మాత్రం మొండికేశాడు.

“అయ్యోరు లేకపోతే పాయె. దేవుని సాచ్చి లేకుండా మాత్రం నా బిడ్డను ఇయ్యనప్పా.”

తిరుపతి సభల్లో చప్పట్లు తిని బలిసిన నోరు నాది. ఊరుకుంటుందా?

“మామా, అసలు దేవుడనే మాట యాడినుంచి వచ్చిందో తెలుసా? సంస్కృతంలో ‘దివ్’ అని ధాతువుండాది. వెలగడం అని అర్థం. దివి, దివసం ఆ కడుపున పుట్టినవే. సముద్రాల అవతల లాటిన్‌లో దేవుడికున్న పేరు కూడా దీనికి దాయాదే. సూర్యుణ్ణీ మెరుపునూ చూసి బిత్తరపోయిన మనిషి, వెలిగేదాన్నల్లా దేవుడన్నాడు. అంతే!”

“అంటే వెలిగేదే దేవుడా?” మామ కళ్ళు విప్పారాయి. “ఇంత సులభమా! అట్లయితే దీపం పెడదాం.”

“దీపం పెడితే పూజవుతుంది. కావాలంటే బల్బు పెట్టుకో!”

నేనన్నది వెటకారం. ఆయన విన్నది ఉపదేశం.

పెండ్లినాడు పొద్దుగూకాక, మగ్గాలాపి అందరూ వచ్చారు. వేదిక మీద గుమ్మడికాయంత బల్బు, దానికి కనకాంబరాల దండ. ముందు వరసలో నా హేతువాద సంఘం మిత్రులు, పరీక్ష గదిలో ఇన్విజిలేటర్లలాగా. మేం దండలు చేతికి తీసుకున్నామో లేదో, కరెంటు పోయింది.

చీకట్లో మామ కేక: “ఆపండప్పా! దేవుడు పాయె!”

“పోయింది కరెంటు మామా!”

“నువ్వే గదా సెప్పినావు వెలిగేదే దేవుడని? పోనీ, దీపం ముట్టించేదా?”

ముందు వరసలో ఎవరో దగ్గారు. నా చెవికది సంఘం నుంచి బహిష్కరణలా వినిపించింది.

“దీపం వద్దు,” అన్నాను.

“అట్లయితే పెండ్లీ వద్దు.”

సుగుణ నా పక్కకు వంగింది. “నువ్వు ఆ ధాతువునే కట్టుకోవాల్సింది,” అని, దండ భుజానేసుకుని, ఎవరిదో ఫోను లాక్కుని టార్చి వేసింది. “నాయనా, ఇదీ వెలుగుతాండాది గదా? ఈ సామి సాలడా?”

అంతే, పందిట్లో చేతులన్నీ ఫోన్లతో పైకి లేచాయి. ముందు వరస కూడా లేచింది!

“అబ్బబ్బా, ఎంతమంది దేవుళ్ళప్పా!” అని మామ ఆనందంతో గంతేశాడు. దండలు మారాయి. ఈలోగా అత్త కుంకుమ భరిణె పట్టుకుని ఫోను ఫోనుకూ బొట్టు పెట్టుకుంటూ ముందు వరసకు చేరింది.

“వద్దమ్మా, మేం హేతువాదులం!”

“బొట్టు నీకు కాదు నాయనా, ఫోనుకు. కదలొద్దు.”

లోకంలో ఒక్క దేవుణ్ణయినా తగ్గిద్దామని నగరి వెళ్ళినవాణ్ణి, జేబుకొక దేవుణ్ణి పంచిపెట్టి వచ్చాను.

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా, కాదు కాదు, ఎవరి సాక్ష్యమూ లేకుండా శపథం చేస్తున్నాను: అత్తవారింట ఇక ఏ మాటకూ పుట్టుక చెప్పను. మొన్న మామ, “అల్లుడా, మరి దయ్యమనే మాట యాడినుంచి వచ్చినాదబ్బా?” అన్నాడు. నాలుక దురదపెట్టింది. గట్టిగా గురక పెట్టాను.