తగరపువలసలో తొమ్మిదేళ్లు, భీమిలిలో ఒక్క రోజు

విశాఖపట్నం పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసిన మొదటి తొమ్మిదేళ్లూ నేను ప్రతి మంగళవారం గోనె సంచుల కోసం తగరపువలస వెళ్లేవాణ్ని. అక్కడి మిల్లులో కట్టలు లారీకి ఎక్కించి, మధ్యాహ్నం రెండింటికల్లా పోర్టుకు తిరిగి రావాలి. తగరపువలస నుంచి భీమిలి అయిదారు కిలోమీటర్లు. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. మిల్లు గేటు ముందు టీ తాగుతూ నిలబడితే భీమిలి వెళ్లే జట్కాలు నా ముందునుంచే పోయేవి. ఒక్కసారీ ఎక్కలేదు. లారీ ఆగదు, ఈ వారం కాకపోతే వచ్చే వారం, ఊరెక్కడికీ పోదు కదా అనుకునేవాణ్ని. భీమిలి వెళ్లాలనుకుంటూ వాయిదా వేస్తున్నవాళ్లకు పనికొస్తుందని, చివరికి వెళ్లిన ఆ ఒక్క రోజు సంగతి రాస్తున్నాను.

చూడకపోవడం ఒక్కటే అయితే ఇంత కథ లేదు. చూశానని చెప్పాను. మాది సబ్బవరం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. నా భార్య వరహాలు మా మేనమామ కూతురు, చిన్నప్పటి అలవాటు కొద్దీ నన్ను బావా అనే పిలుస్తుంది. పనిలో చేరిన మూడేళ్లకు పెళ్లయి, మద్దిలపాలెంలో ఒంటిగది అద్దెకు తీసుకున్నాం. పొద్దంతా ఆమె ఒక్కతే. నేను గడపలో కాలు పెట్టగానే "ఇయ్యాల ఏటి సూసేవు బావా?" అని అడిగేది. నాకు మాట్లాడటం చేతకాదు. మొదటి మంగళవారం "గోనె సంచులు" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. మరుసటి మంగళవారం భీమిలి చూశానన్నాను. ఆమె బియ్యం ఏరడం ఆపి నా వైపు తిరిగి కూర్చుంది. ఇక ఆగలేకపోయాను. లారీ డ్రైవరు చెప్పిన ముక్కలు కొన్ని, నా ఊహ మిగతాది. గంటస్తంభం పక్క హోటల్లో చేపల పులుసు తిన్నానన్నాను. లైట్ హౌసు మూడు తాటిచెట్లంత ఎత్తు ఉందన్నాను. నది సముద్రంలో పడే హోరు మైలు దూరం వినపడుతుందన్నాను. మా పొలాల్లో తూములోంచి నీళ్లు కాలువలో పడే చప్పుడు నాకు తెలుసు. నది సముద్రంలో పడితే దానికి వెయ్యింతలు ఉంటుందని నా లెక్క.

ఇలా ఆరేళ్లు నడిచింది. 1979లో మా వీధిలోకి పైడమ్మ అనే ఆవిడ కాపురానికి వచ్చింది. ఆవిడ పుట్టిల్లు భీమిలి. కుళాయి దగ్గర వరహాలు నది హోరు గురించి చెబుతుంటే ఆవిడ బిందె దించి నవ్విందట. "ఏ బీమిలమ్మా అది? మా బీమిల్లో నది సడీ సప్పుడూ నేకుండా ఉంటాది. మీ ఆయన మంగళారం మంగళారం ఏ ఊరెల్లొత్తన్నాడో కనుక్కో" అందట. వీధి ఆడవాళ్లంతా నవ్వారు. వరహాలు ఇంటికొచ్చి బిందె ఠంగున పెట్టి ఒకటే మాట అంది: "ఆదివారం నన్ను బీమిలి తీసుకెల్లు. మా బావ నోట అబద్దం రాదని అందరి ముందూ అనేసొచ్చేను." సరేనన్నాను. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నిజం చెప్పేద్దామని నాలుగు రోజులూ నోరు తెరిచి, మంచినీళ్లు అడిగి మూసుకున్నాను.

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి మద్దిలపాలెంలో ఎర్ర బస్సు ఎక్కాం. రోజువారీ ఖర్చులు రాసుకునే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది కాబట్టి అప్పటి ధర చెప్పగలను, మనిషికి రెండు రూపాయల పది పైసలు. హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం మీదుగా గంట ప్రయాణం. చలికాలం కావడంతో కొండల మీద మంచు ఇంకా విడలేదు. వరహాలు కొత్త చీర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుని, దాటిన ప్రతి ఊరి పేరూ నన్నడిగింది. అవి మాత్రం తడుముకోకుండా చెప్పాను. తగరపువలస దాకా నేను నిజంగా తెలిసినవాణ్నే.

తగరపువలసలో దిగి టీ తాగి జట్కాల దగ్గరికి వెళ్లాం. వరసలో మొదటి బండివాడు నన్ను చూడగానే ఎగిరి కిందికి దిగాడు. "మీరు మంగళారం బాబు కదేటి! గోనిల లారీ బాబు! ఎన్నేళ్లబట్టి పిలుత్తన్నాను, నా బండి ఒక్కపాలీ ఎక్కనేదు. అమ్మగారొత్తే గాని తవరు కదలనేదు!" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. వరహాలు నా వైపు చూసింది. "ఎక్కనేదేటి బావా? మరెలా ఎల్లేవోడివి?" అంది. "నడిచి" అన్నాను. ఆమె కళ్లలో అనుమానం వస్తే బాగుండేది. జాలి వచ్చింది. "ఆ ఎండలోనా! డబ్బులు మిగల్సడానికి కాలు అరగదీసుకున్నావా బావా?" అంటూ, బండిలో మెత్తటి గడ్డి ఉన్న వైపు నన్ను కూర్చోబెట్టింది. బండివాడు గుర్రాన్ని అదిలిస్తూ, "నడిసెల్తే నాకు ఎదురు పడాలి కదా బాబూ, ఎప్పుడూ అగుపడనేదు" అన్నాడు. "అడ్డదారి" అన్నాను. ఆ దారి పొడవునా మామిడి తోటలు, తాటిచెట్లు, దూరంగా నీలంగా ఒక గీత. ఎనిమిదిన్నరకు భీమిలిలో దిగాం. బాడుగ ఇద్దరికీ కలిపి రూపాయి.

ఊరు చిన్నది, ఎక్కడికైనా నడిచి వెళ్లొచ్చు. ముందు కొండ మీది నరసింహస్వామి గుడికి వెళ్లండి. మెట్ల మీద సగం దూరం ఎక్కి వెనక్కి తిరిగితే ఊరూ, సముద్రమూ, నదీ ఒక్కసారే కనపడతాయి. వరహాలు అక్కడే నిలబడిపోయింది. నేనూ నిలబడ్డాను, కానీ వంద సార్లు చూసినవాడిలా మొహం పెట్టుకుని నిలబడ్డాను. అంత అందమైన చోట అంతకంటే కష్టమైన పని లేదు. కిందికి దిగి, డచ్చివాళ్ల పాత సమాధులు చూసి, లైట్ హౌసు దగ్గరికి వెళ్లాం. పొట్టిగా, తెల్లగా, ముచ్చటగా ఉంది. వరహాలు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "మూడు తాడిసెట్లంత అన్నావు?" అంది. "దగ్గరకొస్తే చిన్నగా కనపడతాది" అన్నాను. నమ్మింది.

పదకొండున్నరకు గంటస్తంభం దగ్గర భోజనం. హోటలని చెప్పాను గాని, అక్కడ ఉన్నది తాటాకుల పాక, నాలుగు బల్లలు. వండేది, వడ్డించేది ఒక్క మనిషే, యాభై ఏళ్ల గట్టి ఆవిడ. కానాగంత చేపల పులుసు, నెత్తళ్ల వేపుడు, కావలసినంత అన్నం, మనిషికి మూడు రూపాయలు. ఆ పులుసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. వరహాలు చెయ్యి కడుక్కుంటూ గర్వంగా, "మా బావ పెతీ మంగళారం ఇక్కడే తింటాడు" అని ఆవిడతో అంది. ఆవిడ గరిటె పట్టుకుని నన్ను కింద నుంచి పై దాకా చూసింది. "ఈ బాబా? నానెప్పుడూ సూల్లేదే. మంగళారం నాను పొయ్యి ఎలిగించను తల్లీ, మంగళారం సంత కెల్తాను" అంది. "అప్పుడు వేరే ఎవరో వండేవారు" అన్నాను. "నా పొయ్యి మీదా!" అని ఆవిడ గయ్యిమంది. డబ్బులిచ్చి బయటపడ్డాను. ఇక మిగిలింది నది. పైడమ్మకూ మా ఆవిడకూ పంతం పడింది దాని దగ్గరే.

ఊరి ఉత్తరం వైపు పావుగంట నడిస్తే నది సముద్రంలో కలిసే మొగ వస్తుంది. దగ్గర పడుతున్న కొద్దీ వరహాలు చెవి ఒగ్గి నడిచింది. చప్పుడు లేదు. వెడల్పాటి నది, పక్కన పొడుగాటి ఇసుక తిన్నె, తిన్నెకు అవతల సముద్రం. అద్దంలాంటి నీళ్ల మీద తెల్ల కొంగలు. "హోరేది బావా?" అంది. "వరద రోజుల్లో వినాలి" అన్నాను. ఇద్దరం చెప్పులూ, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ క్యారియరూ నది అంచున తడి ఇసుకలో పెట్టాం. అక్కడ పెట్టొచ్చా అని ఆమె అడిగింది. "ఏమీ కాదు, నది ఎటూ కిందికే పోతాది" అని రైతు బిడ్డలా చెప్పాను. తిన్నె మీదుగా సముద్రం వైపు వెళ్లాం. అల వచ్చి మోకాళ్లు తడిపితే వరహాలు చిన్నపిల్లలా కేక వేసింది. నన్ను కూడా లాగింది. నేనూ తడిశాను. ఆ అరగంట నేను చెప్పిన అబద్ధాలన్నీ మరిచిపోయాను.

తిరిగి వచ్చేసరికి క్యారియరు నీళ్లలో ఒరిగి ఉంది, చెప్పులు లేవు. నేను సముద్రం వైపు పరుగెత్తి వెతకసాగాను. నదిలో పడ్డది ఎప్పుడైనా కిందికే కదా కొట్టుకుపోయేది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి ఒకాయన పడీ పడీ నవ్వాడు. "అటేటి వెతుకుతావు బాబూ! మీ జోళ్లు తగరపలస బస్సెక్కడానికి ఎల్తన్నాయి, ఇటేపు సూడు" అన్నాడు. చూశాను. నీళ్లు వెనక్కి పోతున్నాయి. నది మొత్తం కొండల వైపు, పై వైపు, మెల్లగా నడుస్తోంది. దాని మీద నాలుగు చెప్పులు వరసగా పోతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక నీళ్లు ఎగువకు పోవడం నేను చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. "పోటు తగిలింది బాబూ. రోజుకి రెండు పాలీలు సముద్రం నదిలోకొచ్చి పలకరించెల్తాది. బీమిలి వొచ్చినోడికి ఇది తెలీకపోతాదేటి? ఇదే తొలిసారా?" అని అడిగాడాయన.

వరహాలు నా పక్కకు వచ్చి నిలబడింది. తడిసిన చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని, నా జవాబు కోసం ఆమె కూడా చూస్తోంది.

"ఇదే తొలిసారి" అన్నాను.

ఆమె ఇసుకలో కూలబడింది. ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. "లైట్ హౌసు?" "చూడలేదు." "పులుసు?" "తినలేదు." "నడిసెల్లడం?" "నడవలేదు." "మరి ఆరేళ్లూ ఏటి సూసేవు?" "గోనె సంచులు" అన్నాను. ఆమె పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు! కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. జాలరి కూడా వల పక్కన పెట్టి మళ్లీ నవ్వాడు. చివరికి కళ్లు తుడుచుకుని, "అబద్దమాడినందుకు కాదు బావా నా కోపం. ఇంత సోటుని పక్కనెట్టుకుని తొమ్మిదేళ్లు గోనిలు లెక్కెట్టుకుంటా కూకున్నావే, అందుకు. ఇంకా ఏటేటి సూడకుండా సెప్పేవు?" అంది. "బొర్రా గుహలు. డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్ హౌసు." "అంతేనా?" "అంతే." "అయితే పైడమ్మకి నువ్వే సెప్పాలి. కుళాయి కాడ, అందరి ముందూ."

జాలరి తెప్ప వేసుకెళ్లి మూడు చెప్పులు పట్టుకొచ్చాడు. ఏమైనా ఇవ్వబోతే తీసుకోలేదు, ఈ నవ్వు చాలన్నాడు. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు నేను ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని ఎక్కాను. ఆరేళ్లలో ఎన్నడూ లేనంత తేలికగా ఉంది. కానీ సోమవారం ఉదయం బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లిన ఆ యాభై అడుగులూ నా జీవితంలో పెద్ద ప్రయాణం. ఎనిమిది మంది ఆడవాళ్లు మాటలాపి చూశారు. "భీమిలి నేను నిన్ననే మొదటిసారి చూశాను. పైడమ్మ గారు చెప్పిందే నిజం. నదికి చప్పుడు లేదు" అన్నాను. పైడమ్మ నన్ను చూసి, వరహాలును చూసి, తల గోక్కుంది. "దానికేటి బాబూ! బొర్రా గుహలు సూసేనని పెల్లైన కాడ్నించి మా ఆయనతో నానూ సెప్తన్నాను. రైలు కిటికీలోంచి టేసను బోర్డు సూసేను, అంతే" అంది. ఒకావిడ పదేళ్లుగా మద్దిలపాలెంలో ఉండి రుషికొండ చూడలేదంది. ఇంకొకావిడ పోర్టు పక్కనే పుట్టి ఓడను దగ్గరగా చూడలేదంది. ఆ పూట కుళాయి నీళ్లు ఎవరికీ నిండా దొరకలేదు.

ఆ మరుసటి నెలలో మూడు కుటుంబాలం కలిసి బొర్రా వెళ్లాం. కాగడా వెలుగులో గుహ నడుమ నిలబడి వరహాలు నలువైపులా చూసింది. నెమ్మదిగా నా చెవిలో, "బీమిలి నువ్వు సెప్పినదాని కంటే బాగుంది. ఇది మాత్రం నువ్వు సెప్పిందే బాగుంది బావా" అంది. దూరంగా ఉన్న ఊళ్లకు వెళ్లలేకపోయినందుకు నాకెప్పుడూ బాధ లేదు, వాటికి సెలవూ డబ్బూ కావాలి. పక్కన నిలబడి టీ తాగి వెనక్కి తిరిగిన ఊళ్లే గుర్తొస్తుంటాయి. వాటికి కావలసింది ఒక పూట, బండివాడు పిలిస్తే ఎక్కడం. ఆ రోజు తర్వాత మంగళవారాలు నేను లారీని గంట ముందు బయల్దేరదీసి, నెలకొకసారైనా జట్కా ఎక్కాను. వచ్చాక ఇంట్లో చెప్పడానికి నిజాలే చాలినన్ని ఉండేవి.

వెళ్లేవాళ్లకు ఒక సలహా. నది మొగ దగ్గర ఒడ్డు పొడుగునా ఎండిన నాచు ఒక గీతలా పడి ఉంటుంది. పోటు వచ్చినప్పుడు నీళ్లు అక్కడి దాకా ఎక్కుతాయి. చెప్పులు ఆ గీతకు పైనే విప్పండి. పోటు ఎన్నింటికో అక్కడి జాలరులను అడిగితే నిమిషాలతో సహా చెబుతారు. ఇదే తొలిసారా అని వాళ్లడిగితే, అవునని చెప్పండి.