లేని మనిషితో పెట్టిన పరీక్ష

ఆ గదిలో ఉన్నవి: కంప్యూటర్ ఒకటి, ప్రింటర్ ఒకటి, ఫ్లాపీల డబ్బా, కాళ్లు ఊగే స్టూలు. ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, కామారెడ్డిలో ఆ కంప్యూటర్ సెంటర్ నడిపే సారు. తొంభై తొమ్మిది, ఎండాకాలం.

గల్ఫ్‌కు పోయేవాళ్ల బయోడేటాలు నింపే వెబ్ ప్రోగ్రాం ఒకటి, ఎల్లారెడ్డి ఊళ్లో ఉన్న మా బ్రాంచి కోసం రాశాను. మొదటి పేజీలో కొట్టిన పాస్‌పోర్టు నంబరు మూడో పేజీలో అచ్చయ్యేదాకా సెషన్‌లో ఉండాలి. సెషన్ అంటే, ఎదుట కూర్చున్నది ఎవరో కంప్యూటర్‌కు ఉండే జ్ఞాపకం. బ్రౌజర్ మూస్తే పోతుంది. ఎల్లారెడ్డిలో మాత్రం ఎవరూ మూయరు. ఒకరు లేస్తుండగానే ఇంకొకరు కూర్చుంటారు. "ఉండనీ భాయ్, బంద్ చెయ్యకు, మల్ల తెరువనీకి టైమైతది" అనడం అక్కడి మర్యాద.

అందుకే ఒక ఉత్తుత్తి సెషన్ తయారుచేశాను. అందులో ముందే ఒక లేని మనిషి నంబరు పెట్టి, నంబరు తీసుకునే భాగాన్ని మాత్రం విడిగా నడిపాను. రెండో మనిషి నంబరు ఇచ్చినా మొదటివాడిదే వచ్చింది. తప్పు దొరికింది. దిద్దడానికి గంట అడిగాను.

సారు నవ్వాడు. "లేని మనిషిని కూసోబెట్టి పరీక్షేంది? నాటకం కంపెనీ పెట్టినవా? ఉన్న మనిషిని నేనున్న గద!"

ఆయనా గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడే. తన నంబరు కొట్టాడు. సరిగ్గానే వచ్చింది. మొదటివాడికి ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది! ఆ మాట నేను పూర్తిచేసేలోపే ఫ్లాపీ జేబులో వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాడు. అక్కడా ముందు తనే కూర్చుని అందరికీ చూపించాడట.

మర్నాడు మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి ఒక ముసలి టైలర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "పేరు నాదే బేటా, నంబర్ ఎవనిదో. రేపు నిజామాబాద్‌ల ఇంటర్వ్యూ. ఇది సూపిస్తే నన్ను దొంగ అంటరు."

సారు నా వైపు వేలు చూపించాడు. "నేను సూసినప్పుడు మంచిగనే ఉండె. ఈయన లేని మనుషులను లోపల పెట్టిండు, గందుకే గిట్లైంది."

నా పరీక్ష అసలు ఆ ఫ్లాపీలోకే ఎక్కలేదు! తప్పు రాసింది నేనే, ఒప్పుకుంటాను. పట్టుకున్నదీ నేనే. పట్టుకున్న పరీక్ష మీదే నేరం మోపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నలభై నిమిషాల్లో దిద్ది కొత్త కాగితం ఇచ్చాను. టైలర్ దాన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టి అంకె అంకె చూసుకున్నాడు. "మిగిలినోళ్లు సూడలే బేటా. మడిచి జేబుల పెట్టుకొని పోయిన్రు."

పాత కాగితం మీది నంబరు సారుది.

ముందురోజు ఎల్లారెడ్డిలో అచ్చయిన బయోడేటాలు పదకొండు. నంబరు ఒకటే.