కానుగ వేళ్ల బుడిపెలు

మా ఎదుటి ఫ్లాటు టీచరు గారు పోయారు. మంగళవారం పొద్దున నేను పాలప్యాకెట్లు తీసుకుంటుంటే వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. అంతకు ముందు వారమే ఆవిడ దవాఖానకు బయల్దేరుతూ, ఇంటికి తాళం వేస్తూ, "జర మొక్కల దిక్కు చూస్తుండు అక్కా" అన్నారు. నాతో అన్న ఆఖరి మాట అదే.

ఆవిడది నార్సింగి. వ్యవసాయ కళాశాలలో మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మణికొండలో మా అపార్టుమెంటు వెనక, బిల్డరు సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు పరిచి వదిలేసిన స్థలం ఉంది. అక్కడ ఏ మొక్కా ఎండాకాలం దాటేది కాదు. ఆవిడ కానుగ మొక్కలు పెట్టించి, ప్రతి గుంతలోనూ నార్సింగిలోని ముసలి కానుగచెట్టు కింది మట్టి కలిపారు. ఆ మట్టిని బకెట్లో తెచ్చి, తడి గోనె కప్పి, నీడలో ఉంచేవారు.

"నీళ్లు, ఎరువు సరిపోవా అండీ?" అని అడిగాను.

"తాగనీకి నోరుండాలె గద అక్కా. గీ మట్టిల కండ్లకు కనపడని జీవులుంటయి. వేరుకు అవే నోరు."

ఒకసారి సన్నని వేరు పైకి తీసి, దాని మీది బుడిపెను గోటితో చీల్చి చూపించారు. లోపల లేత ఎరుపు. "ఎర్రగుంటే పని చేస్తున్నట్టు. గాలిల నుంచి చెట్టుకు బువ్వ తీసిపెడ్తది." వేరును మళ్లీ పూడ్చి అరచేత్తో తట్టారు. ఆ మట్టికాళ్లతో మా ఇంటికొస్తే గుమ్మంలోనే ఆపేదాన్ని. "మీ ఇంట్లకు రావాల్నంటే మట్టి గూడ భయపడ్తది" అని నవ్వుతూ వెళ్లి కడుక్కొచ్చేవారు.

పోయిన వేసవిలో ఆవిడ వరంగల్లో కూతురి దగ్గరున్నారు. మొక్కల మొదట్లో కప్పిన ఎండుటాకుల కింద తెల్లటి దారాలు చూసి ఎవరో ఫోటో తీసి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఫంగస్ అన్నారు, పిల్లలు ఆడుకునే చోటన్నారు. మర్నాడే మందు కొట్టేవాళ్లొచ్చి ఫంగస్ మందుతో గుంతలన్నీ తడిపేశారు.

తిరిగొచ్చాక ఆవిడ బుడిపె చీల్చి చూశారు. లోపల గోధుమరంగు పొడి.

"ఆ తెల్ల దారాలు ఆకును మట్టి చేసేటియి. వాటి మీద మందు కొడితే వేర్లల్ల ఉన్నయి గూడ పోయినయి," అన్నారు. వేరును పూడుస్తూ, "చెడ్డోళ్లేం కాదు అక్కా. ఇంట్ల బూజు దులిపినట్టు దులిపిండ్రు."

మొక్కలు ఆకు రాల్చాయి. "దసరాలోగా చిగురు రాకపోతే టైల్స్ వేసి పార్కింగ్ చేస్తామండి" అన్నారు సెక్రటరీ. వానలు పడగానే ఆవిడ మళ్లీ నార్సింగి మట్టి తెప్పించారు. అప్పటికే ఆయాసం. వంగలేక, పీట మీద కూర్చుని ఒక్కో మొక్క మొదట్లో కలిపారు. దెబ్బ తిన్న నేల కోలుకోవడానికి ఒక వానాకాలం చాలన్నారు. ఆ వానాకాలం ఆవిడకే పూర్తిగా దక్కలేదు.

నిన్న అపార్టుమెంటు వెనక్కి వెళ్తే గోడవైపు మొక్కలు చిగురు వేసి ఉన్నాయి. ఒక వేరు తీసి బుడిపె చీల్చాను. గోటికి ఎరుపు అంటింది. పూడ్చి, తట్టి, సెక్రటరీని పిలిచి చూపించాను. "సరేనండి, టైల్స్ మాట వదిలేద్దాం" అన్నారు.

ఆ సంగతి చెప్పాలని నేరుగా పైకొచ్చి ఎదుటి తలుపు బెల్లు నొక్కాను. కాళ్లు కూడా కడుక్కోలేదు. బెల్లు లోపల మోగి ఆగిపోయాక తాళం కనిపించింది.

బెల్లు మీట మీద నా వేలి మట్టి అలాగే ఉంది. తుడవలేదు.