వినాయకుడికి తల దక్కిన స్లయిడు

1959. చోడవరం సినిమా హాల్లో పాత తెర విప్పేసి వెడల్పు తెర కట్టిన ఏడు. అప్పుడు నేను స్లయిడ్లు వేసేవాణ్ణి. స్లయిడంటే అరచేతిలో పట్టే గాజుపలక. దాని మీద సన్న కుంచెతో బొమ్మా అక్షరాలూ వేస్తే, ఆట మొదలయ్యే ముందు ప్రకటనగా తెరంత పెద్దదై పడుతుంది. విశాఖ జిల్లాలో నా స్లయిడు పడని హాలు లేదు. సరే, నిజం చెప్పేస్తాను. పడింది రెండే చోట్ల: చోడవరం హాలు, వడ్డాదిలో టూరింగు సినిమా డేరా.

బజారు వెనక సందులో రవణమ్మ అనే ఆవిడ కుట్టుమిషను పెట్టింది. నెల దాటినా ఒక్క జాకెట్టు రాలేదు. మిషను కొనిపెట్టిన అన్న, హాల్లో ఆడుతున్న పౌరాణికం వెళ్ళిపోయేలోగా పని దొరక్కపోతే దాన్ని పట్టుకుపోతానన్నాడు.

"పల్లెల్నించి ఆడోళ్ళందరూ బళ్ళు కట్టుకొని వస్తన్నారు బాబూ. నా పేరు ఒక్కసారి సూస్తే సాలు" అంది.

మాకొక పద్ధతి ఉండేది. పైన దేవుడు, నడుమ సరుకు బొమ్మ, కింద పేరూ చిరునామా. అలాగే పైన మా ఊరి వినాయకుణ్ణి, నడుమ జాకెట్టు, కింద రవణమ్మ పేరు వేసిచ్చాను. వడ్డాది డేరాలో తెర ఇంచుమించు చదరం కాబట్టి నిక్షేపంగా పడింది. చోడవరంలో ఆపరేటర్ సింహాచలం స్లయిడును తెర వెడల్పుకు సరిపెట్టేసరికి, పైభాగమూ కిందిభాగమూ తెర దాటి చుట్టూ కట్టిన నల్లగుడ్డ మీదికి పోయాయి. మిగిలింది వినాయకుడి బొజ్జ, దాని కింద జాకెట్టు.

"వినాయకుడికి జాకెట్టు కుడతన్నారేట్రా!" అని నేల క్లాసులోంచి ఎవడో అరిచాడు. హాలంతా నవ్వు.

రవణమ్మ నవ్వలేదు. బయటికొచ్చి, "నా పేరు పోతే పోనాది, దేవుడి తల తీసేసేవేటి బాబూ?" అంది.

సింహాచలాన్ని బతిమాలాను, స్లయిడు కాస్త చిన్నగా పడేలా చూడమని. "తెరకి రెండేపులా సీకటి మిగిల్తే ఓనరు నన్ను బతకనిత్తాడేటి?" అన్నాడు.

మర్నాడు అన్నిటినీ కుదించి గాజు నడుమలోనే ఇరికించి పట్టుకెళ్ళాను. రవణమ్మ వెలుతురుకి పెట్టి చూసి, "ఇయ్యి అచ్చరాలా, సీమలా?" అంది.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చిందని ముప్పై ఏళ్ళు చెప్పుకు తిరిగాను. రాలేదు. వచ్చింది ఆవిడకి. మిషను పక్కన చాప మీద తన గుడ్డే ఏదో పరుచుకుని కత్తిరిస్తోంది.

"పన్నా తక్కువై ఎడల్పు సాలని గుడ్డ తెచ్చినోళ్ళకి జాకెట్టు సిన్నది కుట్టేత్తానా? ముక్కలు తిప్పి పరుసుకుంతాను. పైనుండీ సెయ్యి ముక్కని పక్కకి దింపుతాను. నువ్వూ దేవుణ్ణి దింపీ."

"దేవుడు పైనే ఉండాలి కదమ్మా!"

"పూజలో పీట మీద మన ముందరే కూకుంతాడు గదా. ఆయనకి లేని పట్టింపు నీకేటి? ఆ జాకెట్టు బొమ్మ తీసీ. మిషను అని రాత్తే సాలదేటి?"

తీసేశాను. గాజుకి పైనా కిందా ఖాళీ వదిలి, నడుమ పట్టీలో ఎడమ పక్క తలతో సహా వినాయకుడు, కుడి పక్క లావుపాటి అక్షరాల్లో రవణమ్మ పేరు, కుట్టుమిషను అన్న మాట, సందు గుర్తు. అదే స్లయిడు చోడవరం తెర నిండా పడింది. వడ్డాదిలోనూ పడింది, పైనా కిందా చీకటి మిగిలినా అక్కడ అడిగినవాడు లేడు.

మూడోనాటికి రవణమ్మ గుమ్మంలో ఆడవాళ్ళు బారులు తీరారని చెబుతుంటాను. వచ్చింది ఇద్దరు, రావికమతం నుంచి. కానీ వాళ్ళింట్లో పెళ్ళి. ఇంటిల్లిపాది జాకెట్లూ రవణమ్మకే ఇచ్చారు. పౌరాణికం వెళ్ళిపోయింది, మిషను మాత్రం కదల్లేదు.

ఆ తర్వాత నేను ఏ స్లయిడుకీ ముందు కుంచె ముంచలేదు. "తెర పన్నా ఎంత?" అని ముందు అడిగేవాణ్ణి. సింహాచలం మొదట్లో నవ్వాడు, తర్వాత స్లయిడు తెచ్చినవాళ్ళందర్నీ తనూ "తెర పన్నా అడిగేవేటి?" అనడం మొదలెట్టాడు. ఆ మాట నేనే పుట్టించానని అందరితోనూ చెప్పాను, ఒక్క రవణమ్మ ముందు తప్ప.