నెయ్యి డబ్బా ముఖం గోడవైపు

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒకటే. గల్ఫ్‌లో కల్బా అనే ఊళ్ళో నేను వంట చేసే ఇంట్లో నా ఒంటి గురించి అందరూ ఏదో ఒకటి తేల్చేశారు. ఇంటావిడ తేల్చింది, డ్రైవరు తేల్చాడు, ఊరి నుంచి ఫోన్లో మా వదిన కూడా తేల్చింది. నన్నెవరూ అడగలేదు. నేను చెప్పకపోతే వాళ్ళు అనుకున్నదే నిజమై కూర్చుంటుంది. ఏడో తరగతితో బడి మానేసినా, గోదావరి ఒడ్డున మా ఊరి గ్రంథాలయంలో బీరువాలన్నీ చదివినదాన్ని. రాయడం నాకు చేతకాని పని కాదు.

కరోనా మాస్కులు ఇంకా ముఖాల మీద ఉన్న రోజులవి. నాకు నలభై ఏడు నడుస్తోంది. నెలసరి ఆగిపోయింది, నడుం చుట్టూ ఒళ్ళు వచ్చింది. తిండి మాత్రం మారలేదు. ఒకరోజు గిన్నె కోసం వంగితే యూనిఫాం గౌను బొత్తాం తెగి సింకు కిందికి దొర్లిపోయింది. కొంచెం పెద్ద గౌను కుట్టించమని ఇంటావిడను అడిగాను. అరబ్బుల ఇళ్ళలో యజమానురాలిని మామా అనే పిలుస్తాం.

"ఇంతీ మతీనా," అంది మామా. లావయ్యావని. "క్యా ఖాతా తుమ్?"

ఏం తింటున్నావని అడుగుతూ నా ముఖం చూడలేదు. పొట్ట వైపు చూసింది, తర్వాత ఫ్రిజ్ వైపు చూసింది.

మర్నాడు వంటకి నెయ్యి డబ్బా తీస్తే దాని మీది ఆవు బొమ్మ గోడవైపు తిరిగి ఉంది. నేనెప్పుడూ బొమ్మ ఇటువైపుకే పెడతాను. ఆ తర్వాత రోజూ అంతే. వంట అయ్యాక ఎవరో దాన్ని గోడవైపు తిప్పుతున్నారు. వంట వేళ కాని వేళ ఎవరైనా కదిపితే తెలియాలని ఆవిడ గుర్తు పెట్టుకుంటోందని నాకు అర్థమైంది.

ఫ్రిజ్ పై అరలో హల్వా నిజంగానే తగ్గుతోంది. ముట్టుకున్నది నేను కాదు. ఆ ఇంట్లో అప్పటికే మామా డైటులో ఉంది. పొద్దున జీలకర్ర నీళ్ళు, మధ్యాహ్నం కీరా ముక్కలు. హల్వా ఎవరు తింటున్నారో నాకు ఒకరి మీద అనుమానం ఉంది. అది రాయను.

అప్పుడే నేనూ డైటు మొదలుపెట్టాను. అందం కోసం కాదు. సన్నబడితే దొంగను కాదని తేలుతుందని.

వారానికోసారి మామా కూతురిని ఊళ్ళో లైబ్రరీకి తీసుకెళ్ళడం నా పని. పిల్ల బొమ్మల పుస్తకాలు చూసుకుంటుంటే నేను ఇంగ్లీషు కూడబలుక్కుంటూ ఒళ్ళు తగ్గించే పుస్తకం చదివాను. అన్నం మానాలట. పొద్దు గూకాక తినకూడదట. తిన్న తర్వాత కాసేపు చల్లగాలికి నడవాలట. రాసినావిడ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారో మాత్రం అందులో లేదు.

అయినా చేశాను. కీరా ముక్కలు వంటింటి గుమ్మంలో నిలబడి, మామాకి కనపడేలా తిన్నాను. వంటలో ఉప్పు చూడడం కూడా తినడమే అనుకుంటుందేమోనని రుచి చూడడం మానేశాను. చుట్టాలు వచ్చిన రోజున మజ్బూస్ పులావు పెద్ద పళ్ళెం నిండా మాంసం, అన్నం, మసాలా అన్నీ ఉన్నాయి, ఉప్పు తప్ప.

పక్కింట్లో పనిచేసే రాజోలు అక్క చెత్తబుట్ట దగ్గర నన్ను పట్టుకుంది.

"ఏటే, ఎండు చేపలాగా అయిపోతన్నావ్? ఎవడికోసవే ఈ సోకు?"

"సోకు కాదక్కా. లావుంటే దొంగతిండి తింటన్నాననుకుంటన్నారు."

"ఓసి పిచ్చిమొకవా! దొంగ అనుకున్నోళ్ళు నువ్వు ఎముకలై కూకున్నా అనుకుంటారే."

ఆ మాటతో నాకు అక్క మీద కోపం వచ్చింది. తనకి నాకంటే పెద్ద పొట్ట ఉంది కదా, అందుకే అంటోందనుకున్నాను.

బుగ్గలు పీక్కుపోయాయి. మెడ ఎముకలు బయటపడ్డాయి. పొట్ట మాత్రం అక్కడే ఉంది. ఒకరోజు మామా నన్ను పైనుంచి కిందికి చూసి, నా గ్లాసు, కంచం వేరే అరలో పెట్టింది. పిల్లని నా పక్కన కూర్చోవద్దంది. వీసా రెన్యువల్ మెడికల్ దగ్గర పడుతోంది.

మెడికల్‌కి తీసుకెళ్ళిన డ్రైవరు జగిత్యాల వైపు అతను.

"ఏందక్కా, గిట్ల చిక్కినవ్? మామా నన్నడిగింది, నువ్వు దగ్గుతున్నవా అని."

"నువ్వేం చెప్పావ్?"

"నేను డ్రైవర్‌ను, డాక్టర్‌ను గాదని చెప్పిన. గానీ అక్కా, ఎక్స్‌రేల టీబీ మచ్చ గిట్ల కనవడ్డదనుకో, ఖలాస్. సీదా ఊరికి టికెట్టే."

నవ్వుతూనే అన్నాడు. నేను దారంతా నిజంగానే దగ్గు వస్తోందేమోనని గొంతు సవరించుకోకుండా కూర్చున్నాను.

ఎక్స్‌రే గదిలో అమ్మాయి నా ఛాతీని పలకకి ఆనించి ఊపిరి బిగబట్టమంది. బిగబట్టాను. ఎముకలన్నీ తెల్లగా పడతాయి, ఊపిరితిత్తులు పడతాయి. హల్వా నేను తినలేదన్నది మాత్రం ఏ బొమ్మలోనూ పడదు. మరి ఎవరికి చూపించడానికి ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకున్నట్టు?

ఫలితం రాకముందే లైబ్రరీ రోజు వచ్చింది. పిల్లని పక్కన కూర్చోవద్దన్న మామా, లైబ్రరీకి మాత్రం నాతోనే పంపింది. ఈసారి పిల్ల తను చదివే అరలోంచి శరీరం గురించి ఒక బొమ్మల పుస్తకం పట్టుకొచ్చింది. నెలసరి ఆగే వయసులో నడుం దగ్గర కొవ్వు చేరడం మామూలేనని రెండు చిన్న వాక్యాల్లో ఉంది. అప్పటికి పుస్తకాల మీద కూడా నమ్మకం పోయి ఉంది కాబట్టి మూడుసార్లు చదివాను. పిల్లలకి రాసినది కదా, నాకేదో అమ్మాలని రాసి ఉండరులే అనుకున్నాను.

మెడికల్‌లో ఏమీ లేదని తేలింది. "అల్‌హమ్‌దులిల్లా," అంది మామా. గ్లాసు మాత్రం వేరే అరలోనే ఉంచింది.

ఆ మధ్యాహ్నం అన్నం వండుకుని, పప్పు వేసుకుని, నెయ్యి పోసుకుని, గుమ్మంలో కాకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. మామా వచ్చింది.

"ఇదంతా నీకేనా?"

"నాకే మామా. ఆకలేస్తోంది."

"మళ్ళీ మతీనా అవుతావ్."

"అవుతాను. లావుంటే దొంగనన్నారు, చిక్కితే రోగమన్నారు. ఇంక నా ఒంటితో ఏదీ చూపించలేను. గౌను పెద్దది కుట్టించండి."

నాకు వచ్చిన హిందీలోనే అన్నాను. పంపించేస్తుందనుకున్నాను. ఆవిడ ఫ్రిజ్ తెరిచి కీరా తీసుకుంది. హల్వా డబ్బా మీద ఆవిడ చూపు ఆగింది. నా చూపు ఆవిడ చేతి మీద ఆగింది. ఆవిడ ఫ్రిజ్ తలుపు మూసి వెళ్ళిపోయింది.

కొత్త గౌను వచ్చింది, వదులుగా. ఇప్పుడు పొయ్యి గట్టుకి నాకంటే ముందు నా పొట్ట తగులుతుంది. దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. నెయ్యి డబ్బా ఇంకా గోడవైపే తిరుగుతోంది. వాడినప్పుడల్లా నేను ఆవుని ఇటువైపు తిప్పి పెడతాను. ఆవిడ అటు తిప్పుతుంది.

సాయం చేసినవాళ్ళకి పేరుపేరునా దండాలు పెట్టాలి. పేర్లు రాస్తే ఎవరి వీసాకి ఏమొస్తుందో తెలియదు కాబట్టి పిలుపులే రాస్తున్నాను. నిజం మొహం మీద చెప్పిన రాజోలు అక్కకి. నన్ను భయపెట్టి, తిరిగొచ్చేటప్పుడు దారిలో పరోటా కొనిపెట్టిన డ్రైవరు తమ్ముడికి. పనిమనిషివి కదా అని లేపకుండా కుర్చీ చూపించిన లైబ్రరీ మేడమ్‌కి. పుస్తకం పట్టుకొచ్చిన మా చిట్టితల్లికి. గౌను వదులుగా కుట్టించిన మామాకి కూడా చెప్పాలి. ఎందుకు కుట్టించిందో తెలియలేదు గనక, ఆ ఒక్క దండమూ ఆపి ఉంచాను.